ఆడపిల్లలేగా, లెక్కలోకి రాదులే

ఈ సిరీస్ పేరు చివర ఎన్టీఆర్ అని ఉంటుంది. నవ్వకండి. పూర్తి పేరు ‘నెత్సుజో ట్రాప్ – ఎన్టీఆర్’. లాప్‌టాప్ తెర మీద ఆ మూడక్షరాలు చూసి మా అమ్మ కళ్ళజోడు సర్దుకుని నా పక్కన కూర్చుంది. "ఏ సినిమానే?" అంది. ఆయన కాదమ్మా, ఇది జపాను వాళ్ళ బొమ్మల సీరియల్ అని చెప్పాను. "బొమ్మలకి ఆయన పేరెందుకు పెట్టారు?" అని అడిగింది. దానికి అమ్మకి చెప్పగలిగే జవాబు నా దగ్గర లేదు.

మీకైతే చెప్పొచ్చు. జపాను భాషలో ‘నెతొరారె’ అనే మాటకి అది పొట్టి రూపం. తను ప్రేమించిన మనిషిని ఇంకొకరు పక్కలోకి లాక్కుపోవడం అని అర్థం. అక్కడి పెద్దల కామిక్స్‌లో దానికంటూ ఒక పెద్ద గుంపు పాఠకులున్నారు. ఇక ‘నెత్సుజో’ అంటే లేనిదాన్ని ఉన్నట్టు అల్లి చెప్పడం. అల్లిన ఉచ్చు అన్నమాట. ఆ రెండు మాటల్లోంచి ఎన్, టీ, ఆర్ ఏరుకుంటే పేరు కిందే పేరు దొరుకుతుంది. ఈ సిరీస్ మొత్తంలో బాగా ఆలోచించి చేసిన పని ఏదైనా ఉందంటే ఆ పేరు పెట్టడమే.

2017 జులైలో మొదలై సెప్టెంబర్‌లో అయిపోయింది. 12 ఎపిసోడ్లు, ఒక్కోటి పది నిమిషాల లోపే. ఒక్క బిగిన చూస్తే మన సినిమా కన్నా ముందే అయిపోతుంది. దీనికి ఆధారం కొదామ నాఓకో రాసి గీసిన మాంగా, అంటే జపాను కామిక్. ‘కామిక్ యూరి హిమె’ అనే పత్రికలో 2014 నుంచి వచ్చింది. ఆడవాళ్ళ మధ్య ప్రేమకథల కోసమే నడిచే పత్రిక అది.

కథ చిన్నదే. యుమా, హొతారు చిన్నప్పటి నుంచీ స్నేహితులు, ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు. యుమాకి తకెదా అనే అబ్బాయితో కొత్తగా స్నేహం కుదిరింది. మొదటిసారి కాబట్టి ఎలా మసలుకోవాలో తెలీక టెన్షన్ పడుతూ ఉంటుంది. హొతారుకి అప్పటికే ఫుజివారా అనే వాడున్నాడు. "నాతో ప్రాక్టీసు చెయ్యి, భయం పోతుంది" అంటుంది హొతారు. ఆ ప్రాక్టీసు హద్దు దాటుతుంది. నలుగురూ కలిసి బయటికి వెళ్ళినప్పుడు కూడా, అబ్బాయిలు రెండడుగుల దూరంలో ఉండగానే, దాటుతూనే ఉంటుంది.

మొదటి ఎపిసోడ్‌లో సగం దాకా అమ్మ నా పక్కనే ఉంది. భాష రాదు, కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాల వేగం అందలేదు. ఇద్దరమ్మాయిలు, ఇద్దరబ్బాయిలు అటూ ఇటూ తిరగడం చూసి "వీళ్ళలో ఎవరికెవరే?" అని అడిగి, నేను జవాబు వెతుక్కునే లోపు కుక్కర్ కూత వేస్తే లేచిపోయింది. నయం. పన్నెండు ఎపిసోడ్లూ చూసినా ఆ ప్రశ్నకి ఈ సిరీస్ దగ్గర కూడా సరైన జవాబు దొరకదు.

చాలామంది దీన్ని తిట్టింది ‘మోసాన్ని ప్రేమగా చూపించారు’ అని. నా గొడవ అది కాదు. మోసం గురించి కథలు రాయకూడదంటే సగం సాహిత్యం తగలెయ్యాలి. మన పురాణాల్లో అహల్య కథే మిగలదు. నాకు కోపం వచ్చింది వేరే చోట. ఈ కథ చేతికి ఒక అపురూపమైన విషయం దొరికింది. దాన్ని అలా పట్టుకుని తిప్పి చూడకుండానే పక్కన పడేసింది.

ఆ విషయం ‘ప్రాక్టీసు’ అనే మాటలో ఉంది. ఇదే మాట ఒక అబ్బాయి యుమాతో అని ఉంటే అందరికీ వెంటనే అర్థమయ్యేది. యుమాకీ అర్థమయ్యేది. అమ్మాయి అంది కాబట్టి ఆట అయింది. ఆడపిల్లలం కదా, ఇది లెక్కలోకి రాదులే అన్న ఒక్క నమ్మకం మీద ఈ కథ మొత్తం నిలబడి ఉంది. ఆ నమ్మకం యుమా ఒక్కతే కనిపెట్టింది కాదు. లోకం ఆమెకి చిన్నప్పుడే ఇచ్చింది. చేతులు పట్టుకుని నడిస్తే, ఒకే దుప్పట్లో పడుకుంటే, జడలేసుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు. ఆ స్వేచ్ఛ వెనకాల ఒక అవమానం కూడా ఉంది. మీ ఇద్దరి మధ్య ఏం జరిగినా అది ప్రేమ అయ్యేంత పెద్ద విషయం కాదని తేల్చేశారు కాబట్టే ఎవరూ ఏమీ అనుకోవడం లేదు.

జపానులో ఈ సంగతికి వందేళ్ళ చరిత్ర ఉంది. అమ్మాయిల బడుల్లో పెద్ద తరగతి పిల్లకీ చిన్న తరగతి పిల్లకీ మధ్య ఉత్తరాలతో, పూలతో సాగే గాఢమైన స్నేహాలని ‘ఎస్’ అనేవాళ్ళు. సిస్టర్ అన్న మాటలో మొదటక్షరం. 1916 నుంచి యొషియా నొబుకో రాసిన ‘హన మొనొగతారి’ కథలు ఆ పిల్లల చేతుల్లో నలిగిపోయాయి. పెద్దవాళ్ళు చూసీచూడనట్టు ఊరుకున్నారు. చదువైపోయి పెళ్ళి కుదిరితే అదే పోతుంది అనుకున్నారు. యొషియా విషయంలో పోలేదు. మొన్మా చియో అనే ఆమెతో దాదాపు 50 ఏళ్ళు కాపురం చేసింది. ఇద్దరాడవాళ్ళని భార్యాభర్తలుగా గుర్తించే చట్టం లేక 1957లో చియోని దత్తత తీసుకుంది. జీవితమంతా పక్కన నడిచిన మనిషిని కాగితాల మీద కూతురిగా రాసుకోవాల్సి వచ్చింది. లెక్కలోకి రాకపోవడం అంటే ఇదీ.

ఈ సిరీస్ వచ్చిన నాలుగేళ్ళకి, 2021 ఫిబ్రవరిలో, టోక్యో జిల్లా కోర్టులో ఒక తీర్పు వచ్చింది. తన భార్యతో సంబంధం పెట్టుకుందని ఒక భర్త ఇంకో ఆడమనిషి మీద కేసు వేశాడు. ఇద్దరూ ఆడవాళ్ళే కదా, ఇది వ్యభిచారం కిందకి ఎలా వస్తుంది అన్నది వాదన. వస్తుంది అంది కోర్టు. సంసారం చెడడానికి అవతలి మనిషి మగవాడే కానక్కర్లేదంది. పరిహారం 1 లక్షా 10 వేల యెన్లు. ఆ మరుసటి నెలలోనే ఇంకో కేసు సుప్రీం కోర్టులో తేలింది. అక్కడ కలిసి బతికిన జంటే ఇద్దరాడవాళ్ళు. ఒకామె మోసం చేస్తే రెండో ఆమెకి 11 లక్షల యెన్లు ఇమ్మని కింది కోర్టు 2019లో చెప్పిన మాట ఖాయమైంది. నాకు ఈ రెండు తీర్పులూ చదివినప్పుడు ఒక వింత సంతోషం కలిగింది. మోసం అని పేరు పెట్టారంటే, అక్కడ ఒక బంధం ఉందని ఒప్పుకున్నట్టే కదా. ఆ జంటకి పెళ్ళి చేసుకునే హక్కు ఆ దేశంలో అప్పటికి లేదు. మోసపోయే హక్కు మాత్రం ముందు వచ్చింది.

ఇంత సరుకు ఉంది ఆ ‘ప్రాక్టీసు’ అన్న ఒక్క మాటలో. మరి సిరీస్ ఏం చేసింది? కెమెరాని తలుపు సందులో పెట్టింది. బడి పిల్లల్ని చూడాల్సిన చూపు కాదది. హొతారు దగ్గరికి వచ్చిన ప్రతిసారీ యుమా వద్దంటుంది, హొతారు వినదు, సంగీతం మాత్రం ఏదో తీయనిది జరుగుతున్నట్టు మోగుతుంది. వద్దన్న మాటకి విలువ లేకపోవడం ఈ కథలో ఒక పెద్ద విషయం కావాల్సింది. హొతారు అలా ఎందుకు చేస్తోంది, అడగటం చేతకాక లాక్కుంటోందా, పోతుందన్న భయమా? అవన్నీ తర్వాతెప్పుడో రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఈ లోపల చూసేవాడి కళ్ళకి పండగ చెయ్యడమే పనిగా పెట్టుకున్నారు.

ఆ తర్వాత చేసిన మోసం ఇంకా తెలివైనది. ఫుజివారాని రాక్షసుణ్ణి చేశారు. హొతారుని కొడతాడు, అవమానిస్తాడు, సంగతి తెలిశాక యుమాని కూడా వదలడు. అలాంటివాణ్ణి మోసం చేస్తే మనకి బాధెందుకుంటుంది? మొగుడు తాగుబోతని ముందే చూపించి పెళ్ళాం గడప దాటడానికి అనుమతి పుచ్చుకునే పాత ఎత్తుగడ ఇది. చూసేవాళ్ళ చేత ‘పాపం, మంచి పని చేసింది’ అనిపించాలన్న తొందర. అతను మామూలు మనిషై ఉంటే కథ ఎంత కష్టమయ్యేదో, ఎంత బాగుండేదో.

అలాంటి మామూలు మనిషి లేకపోలేదు. తకెదా ఉన్నాడు. మర్యాదస్తుడు, నెమ్మదస్తుడు, యుమా అంటే ఇష్టం. తొందరపెట్టడు. అంతకు మించి అతని గురించి చెప్పడానికి ఏమీ లేదు, ఎందుకంటే సిరీస్ ఏమీ చెప్పలేదు. ఒక్క రోజు కూడా అతని గదిలోకి మనం వెళ్ళం. యుమా మెసేజ్‌కి జవాబివ్వని రాత్రి అతను ఏం చేస్తాడో చూడం. మోసం కథలో మోసపోయినవాడే ఖాళీగా ఉంటే, పోయిందేమిటో మనకెలా తెలుస్తుంది?

నాకు తకెదా తెలుసు. అంటే, అలాంటి ఒకతను.

ఇక్కడ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతున్నాను. విశాఖపట్నంలో నేను పీజీ చేస్తున్న రోజులు, 2009 ప్రాంతం. హాస్టల్ గదిలో ముగ్గురం. నా రూమ్మేట్‌కి మొదటి సంవత్సరంలోనే సంబంధం కుదిరింది, చదువయ్యాక పెళ్ళన్నారు. అబ్బాయిది గోదావరి వైపు, ఉద్యోగం హైదరాబాదులో. మూడో అమ్మాయికీ ఆమెకీ మధ్య ఏముందో నాకు దసరా సెలవుల తర్వాత అర్థమైంది. ఎవరూ చెప్పలేదు. ఒక గదిలో ఉంటే కొన్ని చెప్పక్కర్లేదు. రెండు మంచాలు కలిపేసుకున్నారు. మిగతా గదుల వాళ్ళు కూడా కలుపుకున్నారు, అది పెద్ద వింతేం కాదు. వార్డెన్ వచ్చి చూసి "ఫ్యాను గాలి కోసమా, సరే" అని వెళ్ళిపోయింది. అదే వార్డెన్, గేటు దగ్గర క్లాస్‌మేట్ అబ్బాయితో అయిదు నిమిషాలు మాట్లాడిందని ఇంకో పిల్ల ఇంటికి ఫోన్ చేసిన మనిషి.

నా రూమ్మేట్ ఫోను ఎత్తకపోతే, ఆమెకి కుదిరిన అబ్బాయి నాకు చేసేవాడు. రాత్రి తొమ్మిదిన్నరకి. "సిస్టర్, తను ఉందా అండీ? భోజనం చేసిందా?" ఎప్పుడూ ఈ రెండు ప్రశ్నలే, ఇదే వరసలో. నేను మూడో అమ్మాయి పేరు చెప్పి "దానితో బీచ్‌కి వెళ్ళిందండీ" అనేదాన్ని. అవతల గొంతు వెంటనే తేలికపడేది. "ఓహో, తనతోనేనా. అయితే పర్లేదులెండి. ఒక్కత్తే వెళ్ళిందేమో అని."

రెండేళ్ళలో నేను అతనికి ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. ఎవరితో ఉందో, ఎక్కడ ఉందో, ఎప్పుడొస్తుందో అన్నీ నిజమే చెప్పాను. ఆ నిజాన్ని మించిన అబద్ధం నాకు ఇంతవరకూ తగల్లేదు. నా రూమ్మేట్ కూడా అతనికి అబద్ధం చెప్పిందని నేననుకోను. చెప్పాల్సిన అవసరమే రాలేదు. అతను అనుమానించడానికి కావలసిన మాట అతని దగ్గర లేదు. మా ఎవరి దగ్గరా లేదు. ఒకసారి ధైర్యం చేసి "ఆయనకి చెప్పవా?" అని అడిగాను. "ఏమని చెప్పను? దీన్నేమంటారో నువ్వు చెప్పు, అదే చెప్తాను" అంది. నాకు జవాబు తోచలేదు. ఆవిడ తప్పు చేసిందా అంటే చేసింది అనే అంటాను ఇప్పటికీ. ఆవిడకి ఇంకో దారి ఉందా అంటే లేదనే అంటాను. ఈ రెండూ ఒకేసారి మోయడం కష్టం.

నెత్సుజో ట్రాప్ ఈ రెండింటిలో దేన్నీ మోయదు. తప్పు బరువు ఫుజివారా నెత్తిన పెట్టి దించుకుంటుంది. దారి లేకపోవడం గురించి అసలు మాట్లాడదు. ఇంట్లో తెలిస్తే ఏమవుతుంది, బడిలో ఏమంటారు, తనకి తాను ఏమని పేరు పెట్టుకోవాలి, ఇవేవీ యుమాని గట్టిగా తగలవు. ఆమె రోజులు దొరికిపోతామేమో అన్న భయంలోనే గడుస్తాయి.

టైము లేదు కదా అంటారు కొందరు. పది నిమిషాల ఎపిసోడ్లలో ఇంతకన్నా ఏం చెప్తారు అని. నేనొప్పుకోను. నేనిప్పుడు చెప్పిన ఫోన్ మాట చదవడానికి మీకు నిమిషం కూడా పట్టలేదు. తకెదా ఫోన్ చేస్తాడు, "హొతారుతో ఉన్నాను" అంటుంది యుమా, "అయితే పర్లేదు" అంటాడు. ముప్పై సెకన్లు. ఎవరి మీదా చెయ్యి వెయ్యక్కర్లేదు.

అదే 2017లో జనవరి నుంచి మార్చి దాకా ‘కుజు నో హొన్కాయ్’ అనే ఇంకో జపాను బొమ్మల సీరియల్ వచ్చింది. అదీ 12 ఎపిసోడ్లే, కాకపోతే మామూలు నిడివివి. అందులోనూ బడి పిల్లలే, అందులోనూ ఒకరి స్థానంలో ఇంకొకరిని పెట్టుకోవడమే. హనబి అనే అమ్మాయికి తన టీచర్ మీద ప్రేమ, అది జరిగేది కాదు. ఆమె స్నేహితురాలు ఎచ్చాన్ ఆమెని ప్రేమిస్తుంది. ఒంటరితనం భరించలేక హనబి ఆ ప్రేమని దగ్గరికి రానిస్తుంది, తిరిగి ఇవ్వలేనని తెలిసీ. వాడుకుంటున్నానని హనబికి తెలుసు, తనని వాడుకుంటోందని ఎచ్చాన్‌కీ తెలుసు. అక్కడ కూడా కెమెరా అన్నిచోట్లా బుద్ధిగా ఉందని చెప్పను. కానీ ఆ రాత్రి తర్వాత ఇద్దరి స్నేహంలో ఏం పగిలిందో చూపిస్తారు. పగిలిందాన్ని పట్టుకుని ఎచ్చాన్ ఎలా నిలబడిందో చూపిస్తారు. యుమా, హొతారుల స్నేహం ముందు ఎలా ఉండేదో నాకు చివరిదాకా సరిగ్గా తెలియలేదు. చిన్నప్పటి స్నేహితులు అని చెప్తే నమ్మాను, అంతే. నమ్మినంత మాత్రాన పోతే ఏడుపు రాదు.

కొదామ నాఓకోని మాత్రం ఈ గాటన కట్టెయ్యలేను. ఆవిడ తర్వాత 2018లో ఒక చిన్న మాంగా రాసింది, ఒకే సంపుటం. పెళ్ళి పెళ్ళి అని ఇంట్లో పోరు పడలేక ఒక ఉద్యోగస్తురాలు తన జూనియర్ అమ్మాయితో దొంగ పెళ్ళి చేసుకుంటుంది. మళ్ళీ అదే ముడి చూడండి. అక్కడ ప్రాక్టీసు, ఇక్కడ దొంగ పెళ్ళి. ఉత్తుత్తిది అని పేరు పెట్టుకుంటే తప్ప అసలుదాన్ని ముట్టుకునే ధైర్యం రాని ఆడవాళ్ళు. ఆవిడకి ఆ సంగతి తెలుసనే నా నమ్మకం. రెండో కథలో అది హాయిగా, నవ్వుతూ పలికింది. బడి పిల్లల కథ దగ్గరికి వచ్చేసరికి, ముఖ్యంగా దాన్ని బొమ్మల్లో కదిలించినవాళ్ళ చేతుల్లో, ఎన్టీఆర్ అన్న మూడక్షరాలే మిగిలాయి.

తకెదా ముఖం మీద కెమెరా కాసేపు ఆగుతుందేమోనని చివరిదాకా ఎదురు చూశాను. ఆగలేదు. నాకు మాత్రం నా రూమ్మేట్ పెళ్ళి గుర్తొచ్చింది.

పరీక్షలు రాసిన నెలన్నరకి ముహూర్తం. నేను వెళ్ళాను. ఫొటో కోసం స్టేజీ ఎక్కితే పెళ్ళికొడుకు నా పేరు వినగానే రెండు చేతులూ జోడించాడు. నుదుట బాసికం, మెడలో దండ, ముఖం నిండా చెమట. అప్పటిదాకా గొంతే తెలుసు. అనుకున్న దానికన్నా చిన్నవాడు. "మీరేనా సిస్టర్! రెండేళ్ళూ మీరిద్దరూ పక్కనున్నారనే నేను నిశ్చింతగా ఉన్నానండీ" అన్నాడు. పెళ్ళికూతురు తల వంచుకుని గాజులు సర్దుకుంటోంది. ఫొటోగ్రాఫరు ఇటు చూడమని అరుస్తున్నాడు.

"ఇంతకీ ఆవిడేరండీ, రాలేదా?" అని అడిగాడు.

"సెలవు దొరకలేదండీ" అన్నాను.